పద్నాలుగేళ్లు వాడాక నా జాగ్రఫీ పీజీ: ఖర్చెంత, రాబడెంత

2011లో విశాఖలో ఎం.ఎస్సీ. జాగ్రఫీ పూర్తిచేశాను. ఫీజు, హాస్టలు మెస్సు, గుంటూరు నుంచి రైలు టిక్కెట్లు అన్నీ కలిపినా రెండేళ్లకి 90 వేలు దాటలేదు. అదే ఏడాది ఇంజినీరింగ్ అయిపోయిన మా పెదనాన్నగారబ్బాయికి 3 లక్షల పైనే అయింది. పెట్టుబడి వరకు నాదే చవక బేరం. మొదటి నెల జీతాలు వచ్చాక మాత్రం ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు: వాడికి 25,000, నాకు 7,500.

నా ఉద్యోగం విజయవాడ గవర్నర్‌పేటలో, ఒక మేడ మీద గది. స్కాన్ చేసిన గ్రామ పటాల మీద మౌసుతో గీతలు గీయాలి, ఎఫ్‌ఎంబీ, అంటే పొలాల కొలతల పుస్తకం, ముందు పెట్టుకుని సర్వే నంబర్లు సరిచూడాలి. గీసిన ముక్కకి ఇంత అని పైన ఇన్సెంటివ్. పక్క కుర్చీలో ఇంటర్‌తో ఆపేసిన కుర్రాడు ఉండేవాడు. నెలాఖరుకి నాకంటే వెయ్యి ఎక్కువే పట్టుకెళ్లేవాడు. నేల ఎలా అరిగిపోతుందో చెప్పే డేవిస్ క్రమక్షయ చక్రం కంఠతా వచ్చినంత మాత్రాన మౌసు పరిగెత్తదు కదా.

రెండేళ్లు చూసి, 30,000 అప్పు చేసి మూడు నెలలు జీఐఎస్, అంటే కంప్యూటర్‌లో పటాలు తయారుచేసే పని, నేర్చుకున్నాను. జీతం కదిలింది అప్పుడే. ఇవాళ ఎవరైనా అడిగితే ఆ డబ్బు పెట్టొద్దంటాను. ఆ పనికి వాడే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితం, డెహ్రాడూన్‌లోని ఇస్రో శిక్షణ సంస్థ ఐఐఆర్‌ఎస్ వాళ్ల ఆన్‌లైన్ పాఠాలు ఉచితం, ఇస్రో భువన్ వెబ్‌సైటులో మన ఊరి ఉపగ్రహ చిత్రాలు చూసుకోవచ్చు. దానికి కాస్త పైథాన్ కలిపితే నేను ఐదేళ్లలో ఎక్కిన మెట్లు రెండేళ్లలో ఎక్కొచ్చు.

2020 డిసెంబరులో రాష్ట్రంలో భూముల రీసర్వే మొదలైంది. మరుసటి ఫిబ్రవరిలో కేంద్రం పటాల తయారీ మీద ఉన్న అనుమతుల గొడవ చాలావరకు తీసేసింది. డ్రోన్ చిత్రాలు సరిచేసే పని మా ఆఫీసుకీ వచ్చింది. ఇప్పుడు నాకు 48,000. మావాడి జీతం ఎంతో అడగడం ఎప్పుడో మానేశాను.

ఒక్క విషయం మాత్రం ఇప్పటికీ మింగుడుపడదు. 2019లో గ్రామ సర్వేయర్ పోస్టులు పడ్డప్పుడు ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ (నిర్మాణ నక్షాలు గీసే కోర్సు) చేసినవాళ్లకి అర్హత ఉంది, పటాల మీదే రెండేళ్లు గడిపిన నాకు లేదు. నోటిఫికేషన్ మూడుసార్లు చదివాను, ఎక్కడైనా నా పేరు రాసుంటుందేమో అన్నట్టు.

ఆదివారాలు గుంటూరు అరండల్‌పేటలో కోచింగ్ పాఠాలు చెబుతాను. గ్రూప్‌-2 ప్రిలిమ్స్ 150 మార్కుల్లో జాగ్రఫీకి 30. నోటిఫికేషన్ ఉన్న ఏడు నెలకి పదివేల దాకా వస్తుంది, లేని ఏడు ఆదివారం ఇంట్లో పడుకోవడమే.

ఇక అసలు లెక్క. 2017లో మా బావగారు విజయవాడలో పాయకాపురం వైపు 150 గజాల స్థలం చూశారు. గజం 15,000, మొత్తం 22.5 లక్షలు. "నీకిలాంటి బేరం మళ్లీ దొరకదురా, అడ్వాన్సిచ్చెయ్" అన్నారు. నేను టోపోషీటు, అంటే ఎత్తుపల్లాలు, వాగులు చూపించే సర్వే పటం, తీశాను. నిజానికి 50 వేల స్కేలు షీటులో కాంటూర్లు, అంటే ఎత్తు చూపే గీతలు, 20 మీటర్లకొకటి ఉంటాయి. మన డెల్టా చదునులో అవి ఏమీ చెప్పవు. ఉపగ్రహ ఎత్తుల డేటా కూడా అంతే, అందులో వచ్చే తప్పే ఒక అంతస్తంత ఉంటుంది. నాకు కనబడింది ఒక్కటే: బుడమేరు వాగు గీత, దాని పక్కనే బావగారు చూసిన ప్లాటు. అంతకుమించి చదువు చేసిన మేలు ఏంటంటే, వెళ్లి ఎవరిని ఏం అడగాలో తెలియడం. ఆ వీధిలో ఇస్త్రీ బండి పెట్టుకున్న మామ్మని 2005లో నీళ్లు ఎంతవరకు వచ్చాయని అడిగాను. ఆవిడ మాట్లాడకుండా కిటికీ పైచెక్క చూపించింది.

కొననన్నాను. బావగారు ఆర్నెల్లు మాట్లాడలేదు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు సింగ్‌నగర్, పాయకాపురం మీద పడింది. మర్నాటికి ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. నది అంత నిండుగా ఉంటే బుడమేరును కృష్ణలోకి పంపే మళ్లింపు కాలువ నీళ్లు అందులోకి దిగవు, పైగా కాలువ గట్లు తెగాయి. ఆ ప్లాటులో వేరేవాళ్లు కట్టుకున్న ఇంట్లో కింది అంతస్తు రోజుల తరబడి నీళ్లలోనే ఉంది. వాళ్ల స్కూటరు, ఫ్రిజ్, పిల్లల పుస్తకాలు వీధిలో ఎండబెట్టుకోవడం చూసి, నాది గెలుపని అనుకోవడానికి మనసొప్పలేదు. కానీ లెక్క లెక్కే. 90 వేల చదువు నాకు జీతంలో ఇచ్చినదానికన్నా ఆ ఒక్క సంతకం పెట్టనివ్వకపోవడంలోనే ఎక్కువ మిగిల్చింది.

అయిదుకి మూడు ఇస్తాను. అప్పుచేసి చదవాల్సి వస్తే రెండే. సివిల్స్‌లో ఆప్షనల్‌గా, 500 మార్కులకి, తీసుకునే ఉద్దేశం ఉంటే నాలుగు. వట్టి పీజీ పట్టాతో ఉద్యోగం వస్తుందనుకునేవాళ్లు మాత్రం దీని జోలికి రావద్దు.

బావగారు ఇప్పుడు ఏ వెంచర్ చూసినా ముందు వాట్సాప్‌లో లొకేషన్ పంపుతారు. మొన్న తాడిగడప నుంచి ఒకటి, నిన్న మంగళగిరి నుంచి రెండు. ఫీజు సంగతి అడిగితే, "ఇంట్లోవాళ్లకి కూడానా" అంటారు.