ఐఎన్‌ఏ 219 మాడ్యూలు మైక్రోఆంపియర్లను కొలుస్తుందా?

పొలంలో నేల తేమను కొలిచి గంటకొకసారి వైఫై ద్వారా పంపే చిన్న పరికరాన్ని వైఫై గల మైక్రోకంట్రోలరు బోర్డు ఈఎస్‌పీ 32తో తయారు చేస్తూ, అది నిద్రావస్థలో ఎంత కరెంటు తీసుకుంటోందో తెలుసుకోవడానికి, కరెంటును కొలిచే ఐఎన్‌ఏ 219 మాడ్యూలును హైదరాబాద్ కోఠిలో సుమారు 150 రూపాయలకు కొన్నాను. నిద్రలో 1 మిల్లీఆంపియరు పోతే 2000 మిల్లీఆంపియర్ అవర్ల బ్యాటరీ 83 రోజుల్లో ఖాళీ అవుతుంది. 10 మైక్రోఆంపియర్లే పోతే ఆ ఖర్చు దాదాపు లెక్కలోకి రాదు. అందుకే ఈ కొలత విషయంలో రాజీపడదలచుకోలేదు.

టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి ఈ చిప్పు, లోడుకు, అంటే కరెంటు వాడుకునే పరికరానికి, వెళ్లే దారిలో ఉన్న షంట్ అనే చిన్న రెసిస్టరుపై ఏర్పడే వోల్టేజీని 10 మైక్రోవోల్టుల మెట్లలో కొలిచి, ఐ2సీ అనే రెండు తీగల సంధానం ద్వారా మైక్రోకంట్రోలరుకు అందిస్తుంది. 5 వోల్టుల రిఫరెన్సుతో ఆర్డుయినో ఊనో బోర్డులో వోల్టేజీని చదివే అనలాగ్ పిన్నుకు ఒక్కో మెట్టు దాదాపు 4.9 మిల్లీవోల్టులని గుర్తు చేసుకుంటే ఇది ఎంత సూక్ష్మమో అర్థమవుతుంది.

అయితే మాడ్యూలుతో వచ్చే షంట్ 0.1 ఓం కనుక ఒక మెట్టు 100 మైక్రోఆంపియర్లకు సమానం. 3.2 ఆంపియర్ల వరకు కొలవడానికి ఎంచుకున్న ఆ విలువ మోటార్లకు సరిపోతుంది గాని నిద్రపోయే బోర్డుకు పనికిరాదు. 3.3 వోల్టులకు 330 కిలో ఓంల రెసిస్టరు కలిపి 10 మైక్రోఆంపియర్లు పారించి చూస్తే, కలిపినా తీసేసినా రీడింగు మారలేదు.

ఆ షంట్‌ను ఊడదీసి, ఒక శాతం టాలరెన్సు గల 10 ఓంల రెసిస్టరు అతికించాక మెట్టు 1 మైక్రోఆంపియరుకు దిగింది. కాని లోడు ఏమీ లేకపోయినా 30 మైక్రోఆంపియర్ల దరిదాపుల్లో రీడింగు కనిపించడంతో, ఎక్కడో లీకేజీ ఉందని భావించి ఒక సాయంత్రమంతా అతుకులు వెతికాను. కారణం డేటాషీటులోనే ఉంది: లోడు వైపు పిన్ను తానే 20 మైక్రోఆంపియర్లు తీసుకుంటుంది, దానికి తోడు ఆ పిన్నుకున్న 320 కిలో ఓంల ఇంపిడెన్సు (నిరోధం) గుండా 3.3 వోల్టుల వద్ద మరో 10 పోతాయి, ఇవన్నీ షంట్ దాటే వెళ్తాయి. కనుక లోడు తీసేసి, అదే వోల్టేజీ వద్ద, 128 నమూనాల సగటుతో సున్నా విలువను ముందుగా నమోదు చేసుకొని ప్రతి రీడింగులోంచి తీసివేయాలి. వోల్టేజీ మారితే ఆ సున్నా కూడా మారుతుందన్నది మరువరాదు. ఇలా చేశాక 330 కిలో ఓంల పరీక్షలో 9 నుంచి 11 మధ్య విలువలు నిలకడగా వచ్చాయి. ఈ ధరకు అది నిజంగా మెచ్చుకోదగిన ఫలితం.

మరొక జాగ్రత్త అవసరం. వైఫై ప్రసారంలో ఈఎస్‌పీ 32 సుమారు 240 మిల్లీఆంపియర్లు కోరుతుంది. 10 ఓంలపై 2.4 వోల్టులు పడిపోతే బోర్డు మేల్కొనలేదు. అందుకే షంట్‌కు సమాంతరంగా జంపరు (కరెంటుకు అడ్డదారి ఇచ్చే తీగ) పెట్టి, బోర్డు నిద్రలోకి జారుకున్నాకే దాన్ని తీసి కొలుస్తున్నాను.

టంకం పని రానివారికి, ఒకే కొలతలో నిద్రనూ మెలకువనూ చూడాలనుకునేవారికి ఈ మాడ్యూలును సిఫారసు చేయను. వారికి 200 నానోఆంపియర్ల నుంచి 1 ఆంపియరు వరకు కొలిచే నార్డిక్ పవర్ ప్రొఫైలర్ కిట్ 2 అనే కొలత పరికరం తగినది, ధర మాత్రం చాలా రెట్లు ఎక్కువ. నేను మళ్లీ కొనవలసి వస్తే, 2.5 మైక్రోవోల్టుల మెట్టు గల ఐఎన్‌ఏ 226 చిప్పు ఉన్న మాడ్యూలు తీసుకుంటాను.