జూలో దత్తతా, కొండ కింద బడిలో పాఠమా: ఏది మేలు?

మా కాలనీ కుర్రాళ్లు పులి, చిరుత లాంటి పిల్లి జాతి అడవి జంతువుల కోసం ఇల్లిల్లూ తిరిగి చందాలు పోగుచేశారు. ఇరవై రెండు వేలు వచ్చాయి. ఆ డబ్బు దేనికి వాడాలన్నదానిపై రెండు వారాలుగా మాట్లాడుకుంటున్నాం. జూలో ఒక జంతువుని దత్తత తీసుకుందామని సగంమంది అంటున్నారు. విశాఖలో కంబాలకొండ అడవి పక్కనున్న అరిలోవ వైపు బడి పిల్లలకి ఈ జంతువుల గురించి చెప్పడానికి ఖర్చుపెడదామన్నది మిగతావాళ్ల మాట. నాదీ అదే మాట.

దత్తతలో ఉన్న సుఖం కాదనలేనిది. 1977లో తెరిచిన ఇందిరాగాంధీ జూ అంటే విశాఖలో అందరికీ నమ్మకం. డబ్బు కడితే జంతువు పోషణకి వెళ్తుంది, చేతికి రసీదు వస్తుంది, చందా ఇచ్చినవాళ్లకి లెక్క చూపించొచ్చు. ఉద్యోగాలతో తీరిక లేనివాళ్లకి ఇదే సరైన దారి. పులిని కళ్లారా చూసిన పిల్లాడికి దాని మీద కలిగే ఇష్టం ఏ పుస్తకం చదివినా రాదు. కానీ జూలో పులి కడుపు నిండినంత మాత్రాన కంబాలకొండలో తిరిగే చిరుతకి ఒరిగేదేమీ లేదు.

కంబాలకొండ అభయారణ్యం సుమారు 70 చదరపు కిలోమీటర్లు. జూ దాన్ని ఆనుకునే ఉంది, ఊరు కూడా అంతే. కుక్కల కోసమో, మేకల కోసమో చిరుత కిందికి దిగితే జనం ఫోన్లు పట్టుకుని చుట్టుముడతారు. దారి మూసుకుపోయిన జంతువు మీద పడుతుంది. ఇక కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల్లో ఉండే బావురుపిల్లి సంగతి వేరు. ఒంటి మీద మచ్చలు చూసి చిరుతపిల్ల అనుకుని కంగారుపడి కొట్టేవాళ్లు ఉంటారు. చేపలు పట్టి బతికే ఈ జంతువుకీ, చిరుతకీ 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో రక్షణ ఉంది. పోల్చుకోవడం రాని ఊళ్లో ఆ రక్షణ ఏపాటిది?

అందుకే కిందటి నెల ఒక బడికి ట్రేలో తడి మట్టి పట్టుకెళ్లాం. ఒకవైపు కుక్క అడుగు, ఇంకోవైపు చిరుత అడుగు అచ్చు వేశాం. కుక్క అడుగులో గోళ్ల గుర్తులు పడతాయి. చిరుత నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది కాబట్టి మామూలుగా పడవు. బావురుపిల్లి గోళ్లు పూర్తిగా ముడుచుకోవు, అదొక తిరకాసు. ఏడో తరగతి పాప ఒకతె ట్రే మీదకి వంగి చాలాసేపు చూసి, "ఇలాటిదే మా మేకలదొడ్డి కాడ చూసినామండీ, నాన్న కుక్కదన్నాడు" అంది. క్లాసంతా నిశ్శబ్దమైపోయింది.

బడిలో పాఠం చెప్పే పద్ధతిలోనూ చిక్కుంది. ఒక్కసారి చెప్పి వచ్చేస్తే వారం తిరక్కుండా మరిచిపోతారు. ఏడాదికి మూడుసార్లైనా వెళ్లాలి. అంత ఓపిక లేని బృందమైతే నిస్సంకోచంగా దత్తతే తీసుకోవాలి. మాకు ఓపిక ఉంది. కాబట్టి నా లెక్క ఇది: ఎక్కువ భాగం బడులకీ, అడవి అంచు ఇళ్లలో కోళ్లగూళ్లలోకి జంతువు చొరబడకుండా ఇనుపజాలీ బిగించడానికీ. మిగిలినదానితో ఆ పిల్లల్నే బస్సులో జూకి తీసుకెళ్లాలి.

నిన్న సాయంత్రం ఆ పాప ఇంటికి వెళ్లి కోళ్లగూడు కొలిచి వచ్చాం. తలుపు రెండడుగులు, వెనక తడిక చిరిగిపోయింది. శనివారం జాలీ కొనాలి.