విండోస్ ట్యాబ్‌లో మోడెమ్ కార్డు వేసుకుందామనుకుంటున్నారా? ముందు ఇది చదవండి

వైఫై ట్యాబ్ కొనుక్కుని, తర్వాత అందులో 4జీ మోడెమ్ కార్డు (సిమ్‌తో నెట్ వచ్చేలా చేసే కార్డు) వేసుకుంటే సరిపోతుందిలే అనుకునేవాళ్లు దయచేసి కాస్త ఆగండి. "స్లాట్ ఉంది కదండీ, కార్డు పెట్టి సిమ్ వేసుకోవడమే" అన్న మాట నమ్మి నేను రెండు కార్డులు కొన్నాను. రెండూ పనికిరాలేదు. డబ్బులూ వెనక్కి రాలేదు.

మొదటి కార్డు సైజు సరిగ్గానే ఉంది. 30 మిల్లీమీటర్ల వెడల్పు, 42 పొడవు ఉన్న ఎం.2 కార్డు (ల్యాప్‌టాప్‌లు, ట్యాబ్‌ల లోపల పెట్టే సన్నటి కార్డు రకం), కీ-బి గాడి (స్లాట్‌కు సరిపోయేలా కార్డు అంచున ఉండే కోత). "ఏ ట్యాబ్‌కైనా పడుతుంది" అని అమ్మినతను గట్టిగా చెప్పాడు. స్లాట్‌లో చక్కగా కూర్చుంది కూడా. పవర్ బటన్ నొక్కితే మాత్రం విండోస్ రాలేదు. నల్లటి స్క్రీన్ మీద తెల్లటి అక్షరాలు: అనుమతి లేని నెట్‌వర్క్ కార్డు ఉంది, ఆఫ్ చేసి తీసేయండి అని. మూడుసార్లు ఆన్ చేశాను, మూడుసార్లూ అక్కడే ఆగిపోయింది.

అసలు సంగతి అప్పుడు తెలిసింది. కొన్ని కంపెనీలు తాము ఒప్పుకున్న కార్డుల ఐడీలను బయోస్‌లో (ఆన్ చేయగానే విండోస్ కన్నా ముందు నడిచే ప్రోగ్రాంలో) ముందే రాసిపెడతాయి. ఆ జాబితాలో లేని కార్డు కనబడితే మెషీన్‌ను ముందుకు కదలనివ్వవు. విండోస్ మళ్లీ ఎక్కించినా, డ్రైవర్లు మార్చినా లాభం లేదు, ఎందుకంటే వ్యవహారం విండోస్ దాకా రానే రాదు. లోపల చిప్ అదే అయినా, వేరే కంపెనీ ల్యాప్‌టాప్ నుంచి తీసిన కార్డయితే దాని ఐడీ వేరుగా ఉండొచ్చు. అందుకే మోడల్ పేరు ఒకటే కదా అని కొనకండి. మీ ట్యాబ్ సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న పార్ట్ నంబరు, కార్డు స్టిక్కర్ మీది పార్ట్ నంబరు అక్షరం పొల్లు పోకుండా కలవాలి. ఆ మొదటి కార్డు వెనక్కి పంపుతానంటే అమ్మినతను "యాంటెన్నా వైర్లు తగిలించిన గుర్తులు పడ్డాయి, తీసుకోం" అన్నాడు.

వైర్ల గురించి కూడా చెప్పాలి. నా ట్యాబ్‌లో రెండు యాంటెన్నా వైర్లు ప్లాస్టిక్ తొడుగులో, టేపు కింద ఉన్నాయి. అది నా అదృష్టం. చాలా వైఫై మోడళ్లలో బోర్డు మీద స్లాట్ మాత్రమే ఉంటుంది, యాంటెన్నాలు ఉండవు, సిమ్ ట్రే కూడా ఉండదు. వైఫై వైర్లు పీకి దీనికి పెట్టుకోవచ్చని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఆ కనెక్టర్లు ఆవగింజంత ఉంటాయి, పక్కకి లాగితే ఊడి చేతికొస్తాయి. స్క్రీన్ జిగురుతో అతికించిన ట్యాబ్ అయితే తెరవడమే పెద్ద ప్రమాదం, అద్దం పగిలిందంటే కార్డు కన్నా ఎక్కువ నష్టం.

రెండో కార్డు పార్ట్ నంబరు చూసుకునే కొన్నాను, సెకండ్ హ్యాండ్‌ది. ఈసారి విండోస్ వచ్చింది, సెట్టింగ్స్‌లో సెల్యులార్ అని కనబడింది, సిమ్ కూడా గుర్తుపట్టింది. ఎంత సంతోషపడ్డానో! కానీ సిగ్నల్ లేదు. ఏపీఎన్ (మొబైల్ నెట్ సెట్టింగ్) సరిచూశాను, డ్రైవర్ మార్చాను. అదే సిమ్ ఫోన్‌లో వేస్తే వెంటనే పనిచేస్తోంది. రెండు రోజులు ఇదే టెన్షన్. చివరికి కమాండ్ ప్రాంప్ట్‌లో netsh mbn show interfaces అని కొట్టి, డివైస్ ఐడీ దగ్గర వచ్చిన 15 అంకెల ఐఎంఈఐని (ప్రతి మోడెమ్‌కూ ఉండే ప్రత్యేక గుర్తింపు నంబరుని) కార్డు స్టిక్కర్‌తో పోల్చాను. చివరి ఆరు అంకెలు వేరు. నెట్‌వర్క్ వాళ్లకు ఫోన్ చేస్తే, లోపలున్న ఆ నంబరు బ్లాక్ లిస్టులో ఉందన్నారు. అంటే ఎవరి దగ్గరో పోయిన కార్డు కావచ్చు, మీద స్టిక్కర్ మార్చి నాకు అంటగట్టారు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం ఆగదు. అమ్మినతను ఆ తర్వాత మెసేజ్ చూసి కూడా జవాబివ్వలేదు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా బ్యాండ్లు (నెట్‌వర్క్ సిగ్నల్ వాడే ఫ్రీక్వెన్సీలు) కుదరాలి. ఒక ప్రాంతం కోసం చేసిన కార్డులో ఇంకో ప్రాంతంలో వాడే బ్యాండ్లు లేకపోవచ్చు. మీ నెట్‌వర్క్ బ్యాండ్ నంబర్లు కనుక్కుని, కార్డు స్పెసిఫికేషన్‌లో అవి ఉన్నాయో లేదో చూడండి.

సెకండ్ హ్యాండ్ కార్డే కొనాల్సి వస్తే, దాన్ని ఏదైనా మెషీన్‌లో పెట్టి ఆ కమాండ్ రిజల్ట్ ఫొటో పంపమనండి. ఐఎంఈఐ, ఫర్మ్‌వేర్ (కార్డు లోపలి సాఫ్ట్‌వేర్) వెర్షన్ రెండూ అందులో కనబడాలి. పక్కనే స్టిక్కర్ ఫొటో కూడా అడగండి. మీ ట్యాబ్ మోడల్ రాసి "దీంట్లో పనిచేయకపోతే వెనక్కి తీసుకుంటాను" అని మెసేజ్‌లో రాయించుకోండి, ఫోన్‌లో చెప్పిన మాట తర్వాత ఉండదు. ట్యాబే ఇంకా కొనలేదా? అయితే ఫ్యాక్టరీలోనే మోడెమ్ వేసి వచ్చిన మోడల్ తీసుకోండి, ధర కొంచెం ఎక్కువైనా సరే.

నాకు రెండో కార్డు అమ్మినతని ప్రకటన నిన్న మళ్లీ కనబడింది. అదే రకం కార్డు, "అన్ని ట్యాబ్‌లకూ పనిచేస్తుంది" అన్న అదే మాట. ఫొటోలో స్టిక్కర్ సగమే కనబడుతోంది, ఐఎంఈఐ ఉన్న సగం మీద వేలు అడ్డం ఉంది.