మంత్రాలయం: కష్టాల్లో ఉన్నవాళ్లు ఒకసారి వెళ్లి రండి

శెనక్కాయ పంట పోయి అప్పుల టెన్షన్‌లో ఉన్నా గురువారం ఒక్కపొద్దు మాత్రం మానని మా మామను వెంటబెట్టుకుని మంత్రాలయం వెళ్లాం. ముందు గ్రామదేవత మంచాలమ్మ దర్శనం, తర్వాతే రాయరు, అంటే రాఘవేంద్ర స్వామి బృందావనం (సజీవ సమాధి), మగవాళ్లు చొక్కా విప్పాలి. 1671లో ఇక్కడే సజీవంగా బృందావన ప్రవేశం చేసిన రాఘవేంద్ర స్వామి కూడా సన్యాసానికి ముందు ఇంట్లో గింజ లేక పస్తులున్నారని, అయినా పూజ వదల్లేదని చెబుతారు. ఇది విన్నాక మామ ముఖం కాస్త తేటపడింది.

అన్నదానం భోజనం సాదాగా, వేడిగా ఉంది. చారు అయితే మామ మళ్లీ అడిగి పోయించుకున్నారు. పరిమళ ప్రసాదం తప్పకుండా తెచ్చుకోండి, బ్యాగంతా యాలకుల వాసనే! రైల్లో వచ్చేవాళ్లకు స్టేషన్ నుంచి ఊరు సుమారు 15 కిలోమీటర్లు, ఆటో ఎక్కేముందే బేరమాడుకోండి. ఎండాకాలం బండలు కాలిపోతాయి, పొద్దున్నే వెళ్లడం మేలు.