జింక్ ఫాస్ఫేటింగ్: గాజువాక షెడ్డులో ఏళ్ల తరబడి వాడాక

పెయింటు వేసేముందు ఇనుప రేకును రసాయన ద్రావణంలో ముంచి, దాని మీద జింక్ ఫాస్ఫేట్ పొర కట్టించడమే ఫాస్ఫేటింగ్. ఆ ఫాస్ఫేట్ వేస్తే ఇక తుప్పే పట్టదని కెమికల్ అమ్మేవాళ్లు చెప్పే మాటలో సగమే నిజం. మాది విశాఖలో, గాజువాక వైపు పౌడర్ కోటింగ్ షెడ్డు, అంటే రంగు పొడిని కొట్టి ఓవెన్‌లో కాల్చి పెయింటుగా అంటించే చోటు. ఫాస్ఫేటింగ్ అయిన సీఆర్ (కోల్డ్ రోల్డ్ ఉక్కు) రేకును పౌడర్ కొట్టకుండా వానాకాలంలో రాత్రంతా వదిలేస్తే, తెల్లారేసరికి అంచులు ఎర్రబడతాయి. ఆ బూడిదరంగు పొరంతా సన్నటి స్ఫటికాలు, వాటి మధ్య సందులు. అది సొంతంగా తుప్పును ఆపేది తక్కువ, పెయింటును పట్టి ఉంచేది ఎక్కువ. దాని విలువ గీత పడ్డప్పుడు తెలుస్తుంది. ఫాస్ఫేట్ ఉన్న గ్రిల్లుకు తుప్పు చాలాకాలం ఆ గీత దగ్గరే ఉంటుంది. లేనిదానికి పౌడర్ కిందికి పాకి పెచ్చులు లేపేస్తుంది.

మాది ఏడు ట్యాంకుల పద్ధతి: జిడ్డు తీయడం, కడగడం, యాసిడ్‌లో తుప్పు తీయడం, మళ్లీ కడగడం, ఫాస్ఫేట్, ఇంకోసారి కడగడం, చివర్లో పాసివేషన్, అంటే ఫాస్ఫేట్ పొరలోని సందులను మూసే రసాయనంలో ముంచడం. వచ్చినవాళ్లంతా ఫాస్ఫేట్ ట్యాంకులోకే తొంగిచూస్తారు గానీ, పని ఎక్కువగా చెడేది మొదటిదాంట్లోనే. కడిగాక రేకు మీద నీళ్లు తామరాకు మీద బొట్లలా విడిపోయాయంటే జిడ్డు ఉన్నట్టే, మళ్లీ ముంచాల్సిందే.

ఫాస్ఫేట్ ట్యాంకులోని ద్రావణానికి రోజూ టైట్రేషన్, అంటే చుక్కలు వేసి యాసిడ్ ఎంతుందో కొలవడం, తప్పదు. ఫ్రీ యాసిడ్ (విడిగా ఉన్న యాసిడ్), టోటల్ యాసిడ్ (మొత్తం యాసిడ్) పాయింట్లు చూసుకోవాలి. టోనర్, అంటే పొర త్వరగా కట్టడానికి కలిపే సోడియం నైట్రైట్, తగ్గితే పొర మచ్చలుగా వస్తుంది. ఎక్కువైతే అడుగున మడ్డి పేరుకుంటుంది, వేలితో రుద్దితే తెల్లటి పొడి అంటుకుంటుంది. ఆ పొడి మీద కొట్టిన పౌడర్ నిలవదు. పెయింటు కిందికి చదరపు మీటరుకు 2, 3 గ్రాముల పొర చాలు. మందంగా వేయమని పట్టుబట్టేవాళ్లుంటారు. మందం పెరిగితే రేకు వంచినచోట పగుళ్లు తప్పవు. నూనె పట్టించి వాడే బోల్టులకైతే మందమే కావాలి, 10 గ్రాములు దాటినా మంచిదే.

అన్నిటికంటే విసిగించేవి పైపు గేట్లు. వెల్డింగ్ సందుల్లోంచి లోపలికి పోయిన యాసిడ్ ఓవెన్ వేడికి బయటికి కక్కి, తెల్ల పౌడర్ మీద గోధుమరంగు చారలు పెడుతుంది. ఫ్యాబ్రికేటర్‌తో ముందే చెప్పి, కనబడనిచోట నీళ్లు కారే రంధ్రం వేయించుకోవడమే మార్గం. వెల్డింగ్ చిట్టెం కూడా గ్రైండ్ చేయించాలి, దాని మీద ఫాస్ఫేట్ ఎక్కదు. మడ్డి వదిలించుకోవడం ఇంకో తలనొప్పి. ప్రమాదకర వ్యర్థాల జాబితాలో ఉంది కాబట్టి కాలవలో పారబోయడం కుదరదు.

ఒకే ట్యాంకులో అన్నీ అయిపోతాయనే త్రీ ఇన్ వన్ ద్రావణాలూ వాడి చూశాం. ఇంట్లో ఉండే ర్యాకులకు ఫర్వాలేదు, ఎండావానల్లో నిలబడే గేటుకు నేను ఇవ్వను.

బీచ్ రోడ్డు ఇళ్లకైతే జింక్ ఫాస్ఫేట్ కూడా ఒంటరిగా చాలదు. పౌడర్ కింద జింక్ ఎక్కువున్న ఎపాక్సీ ప్రైమర్ కొట్టించుకోండి, లేదా ముందే హాట్ డిప్ గాల్వనైజింగ్ (కరిగిన జింక్‌లో ముంచి పూత పట్టించడం) చేయించండి. గాల్వనైజ్ చేసి తెచ్చినట్టయితే ఆ సంగతి షెడ్డువాళ్లకు ముందే చెప్పండి. తెలియక తుప్పు తీసే యాసిడ్‌లో ముంచితే, డబ్బు పోసి వేయించిన జింకంతా కరిగిపోతుంది.