కుంజైట్ ఉంగరం: ఏళ్లుగా పెట్టుకున్నాక నా మాట

కుంజైట్ అనే నగల రాయి కొనాలా అని అమలాపురంలో నన్నడిగేవాళ్లకి చెప్పేది ఒకటే: కొనండి, ఉంగరంగా మాత్రం కాదు, లాకెట్‌గా.

రంగుకి వంక పెట్టలేం. పైనుంచి చూస్తే ఊదా కలిసిన లేత గులాబి. వేలు కాస్త పక్కకి తిప్పితే అదే రాయి నీళ్లలా తేలిపోతుంది. స్ఫటికం నిలువునా చూసినప్పుడే రంగు చిక్కగా కనిపిస్తుంది గనక సాన పట్టేవాడికి ఆ దిక్కు తెలియాలి. నాది బాగానే కోశారు. ఆ రంగు మాంగనీసు వల్ల వచ్చింది, ఎండకి నిలవదు. మిట్టమధ్యాహ్నం కాలవగట్టు మీద స్కూటీ నడిపే చేతికి ఇది తగదు. నా ఉంగరం ఒక ఛాయ దిగింది. పెట్టెలోనే ఉండిపోయిన జత దుద్దుల పక్కన పెడితే ఇట్టే తెలుస్తుంది. ఇప్పుడు పొద్దుగూకాక, పెళ్లి రిసెప్షన్లకే తీస్తున్నాను.

గట్టిదనం మోస్ కొలతలో (వజ్రానికి 10 ఇచ్చే కొలత) 6.5 నుంచి 7. మన దుమ్ములో ఉండే ఇసుకా 7. కాబట్టి పొడిగుడ్డతో రుద్దితే అంచుల పదును పోతుంది, గోరువెచ్చని సబ్బునీళ్లు మేలు. అసలు భయం గీతలు కాదు. ఈ రాయికి రెండు దిక్కుల్లో చీలే గుణం ఉంది, గట్టిగా తగిలితే పగిలిపోవచ్చు. ఉంగరం కొలత పెంచమని ఇస్తే మా ఆచారిగారు రాయిని పట్టి ఉంచే బంగారు పళ్లు ఒక్కొక్కటీ నెమ్మదిగా వెనక్కి వంచి, రాయి తీసి దూదిలో పెట్టాకే ఊదుగొట్టం అందుకున్నారు. "కెంపైతే ఇంత భయపడనమ్మా" అన్నారు. షాపులో అల్ట్రాసోనిక్ మెషీన్లో, అంటే శబ్ద తరంగాలతో అదిలించి, కడుగుతామంటే ఒప్పుకోకండి.

జాతకానికి పెట్టుకుందామంటే ఇది నవరత్నాల్లో లేదు. రత్నశాస్త్రవేత్త జార్జ్ కుంజ్ దీన్ని గుర్తించిందే 1902లో, అదీ కాలిఫోర్నియా రాయిలో.

అన్నట్టు, ఇది స్పోడ్యుమీన్ అనే లిథియం ఖనిజంలో నగకి పనికొచ్చే రకం. ఆకుపచ్చది హిడెనైట్. నగకి పనికిరాని రాయిని పశ్చిమ ఆస్ట్రేలియాలోని గ్రీన్‌బుషెస్ లాంటి గనుల్లో తవ్వుతారు. దాదాపు 1050 డిగ్రీల్లో కాల్చి, సల్ఫ్యూరిక్ ఆమ్లంతో లిథియం రాబడతారు. శుద్ధమైన ఖనిజంలోనూ లిథియం ఆక్సైడ్ 8 శాతమే. నా ఎలక్ట్రిక్ స్కూటీ బ్యాటరీలో దీని చుట్టం ఎవరైనా ఉన్నారేమో!

కొంటే కాస్త పెద్ద రాయే తీసుకోండి, చిన్నదాంట్లో రంగు ఆనదు. కెంపు ధరతో పోలిస్తే పెద్దదైనా భారం కాదు. లేతరాయి చూపించి "పెట్టుకుంటూ ఉంటే ముదురుతుంది మేడమ్" అంటే మాత్రం నమ్మకండి.