ఆర్సీ టైగర్ ట్యాంక్ రివ్యూ: కొన్నాక ముందు పైబాడీ సంగతి చూడండి

చైనా నుంచి రెడీగా వచ్చే, రిమోట్‌తో నడిచే 1/16 సైజు టైగర్ 1 (రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ ట్యాంకు), మెటల్ ట్రాక్‌ల మోడల్, దీని గురించి రాస్తున్నా. నడకకి వంక పెట్టలేం, ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది, ఇంజిన్ సౌండ్ బాగుంది, పొగ కూడా వస్తుంది (కొన్నాళ్లు సరదా, ఆ తర్వాత గదంతా నూనె కంపు). తలనొప్పల్లా లోపలికి వెళ్లడమే. పైబాడీ కింది నుంచి స్క్రూలతో బిగించి ఉంటుంది, బ్యాటరీ డోరు, స్విచ్ కూడా పొట్ట కిందే, అంటే ఆన్ చేయాలన్నా ఇంత బరువు బండిని బోర్లా వెయ్యాలి, ఈలోపు పైనున్న యాంటెన్నా, హ్యాచ్‌లు విరిగి చేతికొస్తాయి.

అందుకే స్టీల్ గేర్లు, కొత్త గన్ను అని డబ్బులు పెట్టకముందు పైబాడీకి మాగ్నెట్లు పెట్టండి. స్క్రూలు తీసేసి నాలుగు మూలలా పైనా కిందా నియోడిమియం మాగ్నెట్ జతలు, 10 ఎంఎం వెడల్పువి సరిపోతాయి. అంటించకముందే మార్కర్‌తో ఏ మొహం ఏదో గుర్తు పెట్టుకోవాలి, తిరగబడితే బాడీ కూర్చోదు, పైకి తంతుంది. ఇన్‌స్టంట్ గ్లూ వద్దు, ప్లాస్టిక్‌ని ఎమెరీ పేపర్‌తో గరుకు చేసి ఎరాల్డైట్ పెట్టి రాత్రంతా వదిలెయ్యండి. మామూలు రకం మాగ్నెట్లకి 80 డిగ్రీలు దాటితే పట్టు పోతుంది కాబట్టి స్మోక్ యూనిట్‌కి దూరంగా. ఇంకోటి, ఇక నుంచి ట్యాంకుని ఎత్తేటప్పుడు కింది బాడీ పట్టుకునే ఎత్తాలి, ఇంట్లో పిల్లలకి ఇది ముందే చెప్పండి!

టరెట్ (గన్నుతో పాటు తిరిగే పైభాగం) నుంచి దిగే వైర్లకి మధ్యలో ప్లగ్ పెడితే పైభాగం పూర్తిగా విడిగా వచ్చేస్తుంది. కోఠి గుజరాతీ గల్లీలో ఇలాంటి కనెక్టర్లు దొరుకుతాయి. స్విచ్‌ని నేనైతే వెనక ఇంజిన్ హ్యాచ్ కిందికి మార్చా, అసలు టైగర్‌లో కూడా అది తెరుచుకునే మూతే కాబట్టి బయటికి ఏమీ తేడా కనపడదు. చాలామంది అక్కడే చార్జింగ్ జాక్ కూడా పెడతారు, నాకు నచ్చదు, లిథియం బ్యాటరీని ప్లాస్టిక్ డబ్బాలో మూసి చార్జ్ చేయడమేంటి, మాగ్నెట్లు ఉన్నాయిగా, తీసి బయట పెట్టుకోవచ్చు.

ఇక షెల్ఫ్ మీద పెట్టడానికి. టైగర్‌కి పైన రోలర్లు లేవు, ట్రాక్ నేరుగా పెద్ద చక్రాల మీదే వాలి ఉండాలి, కాబట్టి వెనక చక్రం కాస్త వదులు చేయండి, సగం లుక్ దీంతోనే వస్తుంది. ఆ తర్వాత ఏ ట్యాంకు చేస్తున్నామో తేల్చుకోవాలి. ఇంగ్లండ్‌లోని బోవింగ్టన్ ట్యాంక్ మ్యూజియంలో ఉన్న టైగర్ 131 ట్యునీషియాలో 1943 ఏప్రిల్‌లో దొరికింది, గీతల గీతల జిమ్మెరిట్ పూత (అయస్కాంత మైన్లు అంటుకోకుండా జర్మన్లు పూసిన పేస్టు) ఫ్యాక్టరీల్లో మొదలైంది ఆ ఆగస్టులో, అయినా టరెట్ మీద 131 నంబరు వేసి కింద జిమ్మెరిట్ పూసేవాళ్లని చూస్తుంటాం. దుమ్ముకి ఆఫ్రికా రంగు పాలిపోయిన పౌడర్ కావాలి, మన ఎర్రమట్టి జల్లించి పూస్తే దుక్కి దున్నొచ్చిన ట్రాక్టర్‌లా ఉంటుంది. హ్యాచ్‌లు తెరిచిపెడితే లోపలి బోర్డు, వైర్లు కనపడతాయి, కింద నల్ల కార్డు ముక్క అంటించి కమాండర్ బొమ్మ నిలబెడితే చాలు.

షెల్ఫ్ కొనేముందు కొలుచుకోండి, గన్నుతో కలిపి అసలుది 8.45 మీటర్లు, అంటే మనది దాదాపు 53 సెంటీమీటర్లు, మామూలు పుస్తకాల అరలో గన్ను బయటికే ఉంటుంది. 5కి కొన్నది కొన్నట్టుగా 3, మాగ్నెట్ల తర్వాత నాలుగున్నర.